సి.ఆర్. రావు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివిన రోజుల నుంచి ఈ పేరు నా వెంటే ఉంది. చుట్టాలు, పిల్లలు, ఆఫీసులో తోటివాళ్ళు ఈయన గురించి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఆ జవాబులన్నీ ఒక్కచోట రాసి పెడుతున్నాను. లెక్కలంటే టెన్షన్ పడేవాళ్ళు కూడా చదవొచ్చు. సూత్రాలు ఏవీ రాయలేదు, ఉదాహరణలతోనే చెప్పాను.

ఎవరీ సి.ఆర్. రావు?

పూర్తి పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920 సెప్టెంబర్ 10న పుట్టారు, 2023 ఆగస్టు 22న అమెరికాలో పోయారు. ఇంకో పందొమ్మిది రోజులుంటే 103 నిండేవి. ఇరవయ్యో శతాబ్దంలో సంఖ్యాశాస్త్రానికి పునాదులు వేసిన నలుగురైదుగురి పేర్లు చెప్పమంటే అందులో ఈయన పేరు తప్పకుండా వస్తుంది.

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు మన పెద్దలు. సంఖ్యాశాస్త్రం చేసే పనీ అదే, కొంచెం చూసి మొత్తం గురించి చెప్పడం. కాకపోతే ఒక్క మెతుకుతో సరిపెట్టుకోదు. ఎన్ని మెతుకులు చూడాలి, ఎక్కడెక్కడ నుంచి తీయాలి, ఇంత చూశాక కూడా మన మాట తప్పయ్యే అవకాశం ఎంత అని అడుగుతుంది. ఆ చివరి ప్రశ్న మీద రావుగారు చేసిన పనే ఆయన్ని ప్రపంచానికి పరిచయం చేసింది.

సి.ఎన్.ఆర్. రావు, ఈయన ఒకరేనా?

కాదు. సి.ఎన్.ఆర్. రావు రసాయన శాస్త్రవేత్త, బెంగళూరు ఆయన, భారతరత్న వచ్చింది ఆయనకే. మన సి.ఆర్. రావుకి వచ్చింది పద్మవిభూషణ్. ఈ తికమక ఎంతగా ఉందంటే, ఒక క్విజ్ పోటీలో నిర్వాహకులే ఒకరి ఫొటో పెట్టి ఇంకొకరి పేరు జవాబుగా చదవడం నేను కళ్ళారా చూశాను.

పుట్టింది కర్ణాటకలో కదా, మరి తెలుగువాడు ఎలా అవుతారు?

పుట్టిన ఊరు హడగళి. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్ళారి జిల్లాలో ఉండేది, ఇప్పుడు కర్ణాటకలో ఉంది. కుటుంబం తెలుగువాళ్ళది. తండ్రి దొరస్వామి నాయుడు పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టర్, బదిలీల ఉద్యోగం. దాంతో పిల్లాడి చదువు గూడూరు, నూజివీడు, నందిగామ అంటూ ఊళ్ళు మారుతూ సాగింది. తండ్రి రిటైరయ్యాక విశాఖపట్నంలో స్థిరపడ్డారు. ఏవీఎన్ కాలేజీలో ఇంటర్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఆనర్స్ చదివి, 1940లో ఫస్ట్ క్లాసులో బయటికొచ్చారు.

పది మంది పిల్లల్లో ఎనిమిదోవాడు. దేవకికి ఎనిమిదోవాడు కృష్ణుడు కదా, అందుకే రాధాకృష్ణ అని పేరు పెట్టారు. లెక్కల మీద పిల్లాడికున్న ఇష్టం తండ్రి ముందే కనిపెట్టి, లీలావతి అనే పాత గణిత గ్రంథంలోని లెక్కలు రోజుకి కొన్ని చొప్పున చేయించేవారు. ఇక తల్లి లక్ష్మీకాంతమ్మ. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనె దీపం వెలిగించి చదువుకోమనేది. పెద్దయ్యాక ఆ దీపాన్ని తలుచుకుంటూ ఒక పుస్తకాన్ని ఆమెకే అంకితమిచ్చారు. పోలీసు ఉద్యోగి ఇంట్లో పది మంది పిల్లల మధ్య ఆ నాలుగింటి నిశ్శబ్దం ఎంత విలువైనదో నాకు బాగానే అర్థమవుతుంది. మా ఇంట్లో ఇద్దరే పిల్లలు, ఆ నిశ్శబ్దం నాకు ఎప్పుడూ దొరకలేదు.

గణితం చదివినాయన కలకత్తాకి ఎందుకు వెళ్ళారు?

ఉద్యోగం కోసం. అదీ సైన్యంలో.

1940 నాటికి యుద్ధం నడుస్తోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన స్కాలర్‌షిప్‌కి పెట్టుకున్న దరఖాస్తు గడువు దాటాక అందిందని తిరగ్గొట్టారు. సైన్యం సర్వే విభాగంలో గణితం తెలిసినవాళ్ళు కావాలని తెలిసి ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళ్ళారు. వయసు చాలదని అక్కడా కాదన్నారు.

కలకత్తాలో దిగింది ఒక దక్షిణాది హోటల్లో. అక్కడే బస చేసిన ఇంకొకాయన బొంబాయి నుంచి వచ్చారు, ఆఫీసువాళ్ళు ఆయన్ని స్టాటిస్టిక్స్ శిక్షణకి పంపారు. ఎక్కడ ఆ శిక్షణ అంటే, ప్రెసిడెన్సీ కాలేజీ భౌతికశాస్త్ర విభాగంలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ నడుపుతున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో. ఈయనా వెంట వెళ్ళి చూశారు. ఇంకే ఉద్యోగమూ చేతిలో లేదు కాబట్టి తనూ చేరదామనుకున్నారు. అలా 1941 జనవరి 1న చేరారు.

ఆ సంవత్సరమే కలకత్తా విశ్వవిద్యాలయం సంఖ్యాశాస్త్రంలో ఎంఏ మొదలుపెట్టింది. రావుగారు మొదటి బ్యాచ్. 1943లో 87 శాతం మార్కులతో, బంగారు పతకంతో పాసయ్యారు. గడువు దాటిన దరఖాస్తును ఎవరో గుమాస్తా చూసీ చూడనట్టు తీసుకుని ఉంటే ఏమయ్యేదో! బహుశా విశాఖలో మంచి గణితం ప్రొఫెసర్ ఒకరు ఎక్కువై ఉండేవారు.

1945లో ఆయన రాసిన వ్యాసంలో అంత గొప్ప ఏముంది?

కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో అచ్చయిన పదకొండు పేజీల వ్యాసం అది. రాసినప్పటికి ఆయనకి పాతికేళ్ళు కూడా సరిగ్గా నిండలేదు, డాక్టరేట్ లేదు. అందులోంచి మూడు పెద్ద సంగతులు బయటికొచ్చాయి: క్రామర్-రావ్ హద్దు, రావ్-బ్లాక్‌వెల్ సిద్ధాంతం, సమాచార జ్యామితికి తొలి బీజం. మొదటి రెండూ ఇప్పుడు ఏ దేశంలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చదివినా పాఠంలో ఉంటాయి. మూడోదాని విలువ తెలియడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది.

అది మొదలైంది క్లాసులో. అప్పుడు రావుగారు కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్నారు. శాంపుల్ చాలా పెద్దదైనప్పుడు అంచనాలో తప్పు ఎంతకి తగ్గుతుందన్న దాని మీద బ్రిటన్ సంఖ్యాశాస్త్రవేత్త ఫిషర్ చెప్పిన ఫలితాన్ని వివరిస్తున్నారు. విద్యార్థుల్లో వి.ఎం. దండేకర్ ఉన్నారు. తర్వాతి కాలంలో పేదరికం మీద చేసిన అధ్యయనంతో పేరు తెచ్చుకున్న ఆర్థికవేత్త ఆయనే. దండేకర్ లేచి, శాంపుల్ చిన్నదైతే ఇలాంటి ఫలితం ఏదైనా ఉందా అని అడిగారు. మాస్టారి దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్ళి రాత్రంతా కూర్చున్నారు. మర్నాడు క్లాసులో బోర్డు మీద నిరూపణ రాసి చూపించారు.

నాకు పాఠం చెప్పిన ఒక మాస్టారు ఇలాంటి ప్రశ్న అడిగితే "సిలబస్‌లో లేదు, కూర్చో" అనేవారు.

క్రామర్-రావ్ హద్దు అంటే మామూలు మాటల్లో ఏమిటి?

ఒక నాణెం ఉందనుకోండి. బొమ్మ పడే అవకాశం సరిగ్గా సగమో, కొంచెం అటూ ఇటూనో తెలియదు. వందసార్లు ఎగరేశారు, 54 సార్లు బొమ్మ పడింది. కాబట్టి 54 శాతం అని చెప్పారు. ఇంకొకాయన వచ్చి, నాకు ఇంతకంటే తెలివైన పద్ధతి తెలుసు, ఆ వంద ఫలితాలూ నాకివ్వండి, దశాంశ స్థానం దాకా చెబుతాను అన్నాడు. నమ్మొచ్చా?

నమ్మక్కర్లేదు అంటుంది క్రామర్-రావ్ హద్దు. నాణెం సగానికి దగ్గరగా ఉంటే, వంద ఎగరవేతల నుంచి కట్టే అంచనాలో ఊగిసలాట దాదాపు 5 శాతం ఉంటుంది. అటో ఇటో మొగ్గు లేకుండా అంచనా వేసే పద్ధతి ఏదైనా సరే, ఎంత మేధావి కనిపెట్టినా సరే, ఆ 5 కంటే కిందికి దిగలేదు. డేటాలో ఉన్న సమాచారమే అంత. దాన్ని 2.5 శాతానికి తేవాలంటే దారి ఒక్కటే, 400 సార్లు ఎగరేయాలి. ఖర్చు నాలుగింతలైతే గానీ తప్పు సగానికి రాదు.

ఎన్నికల సర్వేవాళ్ళు ఏళ్ళ తరబడి మోస్తున్న భారం ఇదే. రాడార్ తయారుచేసేవాళ్ళు, జీపీఎస్ మీద పనిచేసేవాళ్ళు, ఎంఆర్ఐ స్కానింగ్ యంత్రాలు రూపొందించేవాళ్ళు తమ పద్ధతి ఎంత బాగుందో చెప్పాలంటే ఈ హద్దుకి ఎంత దగ్గరగా వచ్చిందో చూపిస్తారు. హద్దుని తాకితే ఇంకా మెరుగుపరచడానికి ఏమీ మిగలదు, ఆ పని ఆపేసి ఇంటికెళ్ళొచ్చు. ఏది సాధ్యం కాదో ముందే తెలిస్తే ఎంత శ్రమ మిగులుతుందో ఇంజినీర్లని అడగండి.

మరి ఈ క్రామర్ ఎవరు? ఇద్దరూ కలిసి పనిచేశారా?

లేదు. హరాల్డ్ క్రామర్ స్వీడన్ గణితవేత్త. యుద్ధకాలంలో స్వీడన్‌లో క్రామర్, కలకత్తాలో రావు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే అదే చోటికి చేరారు. క్రామర్ పుస్తకం 1946లో వచ్చింది. ఫ్రాన్స్‌లో ఫ్రెషే 1943లోనే దీనికి దగ్గరి ఫలితం ప్రచురించారు. అందుకే ఫ్రెంచివాళ్ళు ఆయన పేరు కూడా కలుపుతారు.

రావ్-బ్లాక్‌వెల్ సిద్ధాంతం కూడా అలాగే చెప్పగలరా?

నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే.

అదే నాణెం, ఈసారి పదిసార్లు ఎగరేశాం. మీ తమ్ముడు మహా బద్ధకస్తుడు. మొదటిసారి ఏం పడిందో అదొక్కటే చూశాడు. బొమ్మ పడితే "నూటికి నూరు శాతం బొమ్మే", బొరుసైతే "సున్నా" అని చెప్పేస్తాడు. పిచ్చి పద్ధతే. కానీ చిత్రం చూడండి, సగటున అది తప్పు కాదు. ఒక్కోసారి చాలా ఎక్కువ చెబుతాడు, ఒక్కోసారి చాలా తక్కువ, మొత్తం మీద సరిపోతుంది.

ఇప్పుడు ఆ పిచ్చి అంచనాని రావుగారి చేతికివ్వండి. ఆయన అడిగేది ఇంతే: పదింటిలో మొత్తం ఎన్ని బొమ్మలు పడ్డాయి? ఏడు. సరే, పదింటిలో ఏడు బొమ్మలని తెలిసినప్పుడు మొదటిది బొమ్మ అయ్యే అవకాశం ఎంత? పదింట ఏడు. అంతే, తమ్ముడి పిచ్చి అంచనా 70 శాతం అనే మంచి అంచనాగా మారిపోయింది. నాణెం మళ్ళీ ఎగరేయలేదు, కొత్త డేటా ఏదీ తేలేదు.

నాసిరకం అంచనాని తీసుకుని, డేటాలోని అసలు సారంతో సగటు కడితే, వచ్చేది మునుపటి కంటే మెరుగ్గానే ఉంటుంది, మహా అయితే అంతే ఉంటుంది, ఎప్పుడూ చెడదు. అమెరికాలో డేవిడ్ బ్లాక్‌వెల్ 1947లో విడిగా ఇదే చెప్పారు. ఇప్పుడు కంప్యూటర్ సిమ్యులేషన్లు రాసేవాళ్ళు రోజూ "రావ్-బ్లాక్‌వెల్లైజ్ చేశాను" అంటుంటారు. మన ఇంటిపేర్లకీ, పేర్లకీ క్రియాపదమయ్యే అదృష్టం తరచుగా పట్టదు.

ఎముకల లెక్క ఆయనకెందుకు?

1946లో కేంబ్రిడ్జ్ నుంచి కబురొచ్చింది. సూడాన్‌లో జెబెల్ మోయా అనే చోట మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు హెన్రీ వెల్కమ్ తవ్వకాలు జరిపించారు. పాత సమాధుల్లోంచి తీసిన పుర్రెలు, ఎముకలు కేంబ్రిడ్జ్‌లో పడి ఉన్నాయి. ఆ జనం ఎవరు, చుట్టుపక్కల ఏ జాతులకి దగ్గరివాళ్ళు అన్నది తేల్చాలి. మనుషుల గుంపుల మధ్య దూరాన్ని లెక్కకట్టే పద్ధతి మహలనోబిస్ కనిపెట్టారు, దాన్ని డి-స్క్వేర్ అంటారు. అది వాడటం తెలిసిన మనిషిని పంపమని అక్కడి మానవశాస్త్రవేత్త ట్రెవర్ అడిగితే, మహలనోబిస్ పంపినవాళ్ళలో రావు ఒకరు.

ఒక పుర్రె మీద ఎన్నో కొలతలు తీస్తారు: పొడవు, వెడల్పు, ముక్కు ఎత్తు, దవడ, ఇంకా ఎన్నో. పొడవాటి పుర్రెకి మిగతావీ కొంత పెద్దగానే ఉంటాయి. కాబట్టి ప్రతి కొలతనీ విడిగా తీసుకుని తేడాలు కూడేస్తే ఒకే సంగతిని పదిసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. కొలతల మధ్య చుట్టరికాన్ని తీసేసి, అసలు తేడా ఎంతో చూడాలి. అప్పట్లో ఇదంతా చేత్తో తిప్పే లెక్కల మెషిన్ మీద చేయాలి. ఈ పని మీద వచ్చిన పుస్తకం 1955లో అచ్చయింది.

పగలు మ్యూజియంలో ఎముకలు, మిగతా టైములో ఫిషర్ ప్రయోగశాలలో ఎలుకలు. ఆధునిక సంఖ్యాశాస్త్రానికి మూలపురుషుడైన రొనాల్డ్ ఫిషర్ అప్పుడు కేంబ్రిడ్జ్‌లో జన్యుశాస్త్రం ప్రొఫెసర్. నా దగ్గర డాక్టరేట్ చేయాలంటే ఎలుకలు పెంచి జన్యువుల పటం కట్టు అన్నారు. 1948లో డాక్టరేట్ వచ్చింది. విషయం, జీవుల్ని కొలతల ఆధారంగా వర్గీకరించడంలో వచ్చే లెక్కల సమస్యలు. అదే ఏడాది ఆయన ప్రతిపాదించిన ఇంకో పరీక్షని రావ్ స్కోర్ టెస్ట్ అంటారు. ఆర్థికశాస్త్రం వాళ్ళు లగ్రాంజ్ మల్టిప్లయర్ టెస్ట్ అన్న పేరుతో వాడేది దీన్నే.

ఆర్తోగనల్ అర్రేలు అంటే ఏమిటి? ఫ్యాక్టరీల్లో ఎందుకు వాడతారు?

ఇడ్లీ పిండితో చెబుతాను. మెత్తటి ఇడ్లీ రావాలంటే మూడు సంగతులు తేలాలనుకుందాం. గ్లాసు మినప్పప్పుకి రవ్వ రెండు గ్లాసులా, రెండున్నరా? పప్పు నాలుగు గంటలు నానాలా, ఎనిమిదా? ఉప్పు రాత్రే వేయాలా, పొద్దున వేయాలా? అన్ని రకాలుగా చేసి చూడాలంటే ఎనిమిది రోజులు ఎనిమిది వాయిలు వండాలి. ఇంట్లోవాళ్ళు ఊరుకోరు.

నాలుగు వాయిలతో సరిపెట్టొచ్చు. మొదటి రోజు: రెండు గ్లాసులు, నాలుగు గంటలు, రాత్రి ఉప్పు. రెండో రోజు: రెండు గ్లాసులు, ఎనిమిది గంటలు, పొద్దున ఉప్పు. మూడో రోజు: రెండున్నర, నాలుగు గంటలు, పొద్దున ఉప్పు. నాలుగో రోజు: రెండున్నర, ఎనిమిది గంటలు, రాత్రి ఉప్పు. ఏ రెండు సంగతుల్ని పక్కపక్కన పెట్టి చూసినా, నాలుగు జతలూ ఒక్కోసారే వస్తాయి. అందువల్ల రవ్వ ప్రభావం ఎంతో, నానబెట్టడం ప్రభావం ఎంతో, ఉప్పు ప్రభావం ఎంతో దేనికది విడిగా తేల్చుకోవచ్చు. ఒక షరతు ఉంది. ఎక్కువసేపు నాని, ఉప్పు కూడా రాత్రే పడితేనే ఏదో జరుగుతుంది అన్నట్టు రెండు కలిసి మెలిక పెడితే ఈ నాలుగు వాయిలు చాలవు.

ఇలాంటి పట్టికల్నే ఆర్తోగనల్ అర్రేలు అంటారు. అవి ఎన్ని సంగతులకి, ఎన్ని స్థాయిలకి సాధ్యం, కనీసం ఎన్ని ప్రయోగాలు కావాలి అన్న గణితానికి రావుగారు 1940ల్లోనే పునాది వేశారు. నాలుగు సంగతులు, ఒక్కోదానికి మూడు స్థాయిలుంటే 81 ప్రయోగాలకి బదులు 9 చాలు. జపాన్‌లో టగుచి అనే ఇంజినీర్ ఈ పట్టికల్ని ఫ్యాక్టరీల్లోకి తీసుకెళ్ళారు. కార్లు, ఎలక్ట్రానిక్ సామాన్ల నాణ్యత పెంచడానికి వీటిని విస్తారంగా వాడారు. సందేశాల్లో దొర్లిన తప్పుల్ని దిద్దే కోడ్‌లకీ వీటికీ దగ్గరి చుట్టరికం ఉంది.

ఇవి కాక ఇంకా ఏయే శాస్త్రాల్లో ఆయన పని కనిపిస్తుంది?

జీవావరణ శాస్త్రంలో ఒకటి చెబుతాను. రెండు చెరువులున్నాయి, రెండింట్లోనూ పది రకాల పక్షులున్నాయి. ఒకచోట పదీ కొంగల జాతివే. ఇంకోచోట కొంగ, బాతు, లకుముకి, గద్ద అంటూ రకరకాలు. లెక్కకి రెండూ పదే అయినా వైవిధ్యం సమానమంటే ఎవరూ ఒప్పుకోరు. యాదృచ్ఛికంగా రెండు పక్షుల్ని తీస్తే అవి సగటున ఎంత వేరుగా ఉంటాయో చూడండి అని రావుగారు ఒక కొలత ఇచ్చారు. 1982 నాటి ఆ కొలతని ఇప్పుడు పర్యావరణ శాస్త్రవేత్తలు రావ్ క్వాడ్రాటిక్ ఎంట్రొపీ అంటారు.

సమాచార జ్యామితి ఇంకొకటి. రెండు సంభావ్యతల మధ్య దూరాన్ని, భూగోళం మీద రెండు ఊళ్ళ మధ్య దూరంలాగా, వంపు తిరిగిన తలం మీద కొలవాలన్న ఆలోచన ఇది. 1945 వ్యాసంలోనే ఉంది. జపాన్‌లో అమారి దాన్ని పెద్ద శాస్త్రంగా పెంచారు, న్యూరల్ నెట్‌వర్క్‌లకి శిక్షణనిచ్చే పద్ధతుల దాకా తీసుకొచ్చారు. మాత్రికల (సంఖ్యల పట్టికల) సాధారణీకృత విలోమాలు, అంటే మామూలు విలోమం లేని మాత్రికలకి కూడా విలోమంలా పనికొచ్చేవాటి మీద ఎస్.కె. మిత్రాతో కలిసి 1971లో రాసిన పుస్తకం ఇంజినీర్లకీ పనికొస్తుంది.

అయితే ఆయన గణితవేత్తా, సంఖ్యాశాస్త్రవేత్తా?

రెండూ అని చెప్పి తప్పించుకోవచ్చు కానీ, నా అభిప్రాయం వేరు. ఆయన పెద్ద ఫలితాల్లో చాలావాటి వెనక ఎవరో ఒకరు తెచ్చిన సమస్య కనిపిస్తుంది. హద్దు వెనక విద్యార్థి ప్రశ్న, వర్గీకరణ వెనక సూడాన్ పుర్రెలు. శుద్ధ గణితవేత్త సమస్యని తనే తయారు చేసుకుంటాడు. ఈయన మాత్రం పొరుగింటి సమస్యని ఇంటికి తెచ్చుకుని, దాన్ని పరిష్కరించి, ఆ పరిష్కారం ఇంకో పదిళ్ళకి పనికొచ్చేలా చేసి పంపేవారు. అందుకే ఆయన్ని సంఖ్యాశాస్త్రవేత్త అనే అంటాను. చివరికి శాస్త్రాలన్నీ గణితమే, తీర్పులన్నీ సంఖ్యాశాస్త్రమే అని ఆయనే రాసుకున్నారు కాబట్టి, ఆయనకి ఈ గొడవ పెద్దగా పట్టి ఉండదు.

ఉప్పు లెక్కతో ఎర్రకోటలో జనాన్ని లెక్కపెట్టింది ఆయనేనా?

ఆయన కాదు, కానీ ఆ కథ చాలామందికి తెలిసింది ఆయన పుస్తకం వల్లనే. 1987లో రామానుజన్ స్మారక ఉపన్యాసాలిచ్చారు, వాటినే తర్వాత 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' పేరుతో పుస్తకంగా తెచ్చారు. కథ అందులో ఉంది.

1947లో ఢిల్లీ అల్లర్లప్పుడు ఎర్రకోటలో ఎంతోమంది తలదాచుకున్నారు. వాళ్ళకి తిండి పెట్టే బాధ్యత ప్రభుత్వానిది, సరుకులు వేసేది కాంట్రాక్టర్లు. బిల్లులు విపరీతంగా వస్తున్నాయి. లోపల ఎంతమందున్నారో తెలియదు, లోపలికి వెళ్ళి లెక్కపెట్టే పరిస్థితి లేదు. సంఖ్యాశాస్త్రవేత్తల చేతిలో ఉన్నది కాంట్రాక్టర్ల బిల్లులే: ఇంత బియ్యం, ఇంత పప్పు, ఇంత ఉప్పు.

మనిషి రోజుకి ఎంత బియ్యం తింటాడో, ఎంత పప్పు, ఎంత ఉప్పు వాడతాడో పాత సర్వేల వల్ల తెలుసు. బిల్లులోని బియ్యాన్ని తలసరి బియ్యంతో భాగిస్తే జనసంఖ్య ఒకటొస్తుంది, పప్పుతో ఒకటి, ఉప్పుతో ఒకటి. నిజాయితీగా ఉంటే మూడూ దగ్గర దగ్గరగా రావాలి. రాలేదు. బియ్యం లెక్కలో జనం అన్నిటికంటే ఎక్కువమంది, ఉప్పు లెక్కలో అన్నిటికంటే తక్కువ. ఎందుకంటే బియ్యం ఖరీదైనది, దాన్ని పెంచి రాస్తే లాభం. ఉప్పు అప్పుడు కారుచౌక, దానిలో దొంగలెక్క రాసి ఎవరు మాత్రం బాగుపడతారు? కాబట్టి ఉప్పు చెప్పిన సంఖ్యనే తీసుకున్నారు. హుమాయూన్ సమాధి దగ్గరున్న చిన్న శిబిరంలో అదే పద్ధతి పెట్టి చూస్తే అసలు సంఖ్యకి దగ్గరగా వచ్చింది. ఈ ఉపాయం జె.ఎం. సేన్‌గుప్తాది అని రావుగారే పేరు పెట్టి చెప్పారు.

ఆ పుస్తకంలోనే ఇంకో సంగతి ఉంటుంది. మనకి తెలిసింది కచ్చితం కాకపోయినా ఫర్వాలేదు, అది ఎంత కచ్చితం కాదో కూడా తెలిస్తే, రెండూ కలిపి పనికొచ్చే జ్ఞానం అవుతుంది అంటారు. వాన పడొచ్చు అంటే మనం గొడుగు తీసుకోం. డెబ్భై శాతం అవకాశం ఉందంటే తీసుకుంటాం.

ఆయన శిష్యుల్లో ఎవరైనా పేరున్నవాళ్ళున్నారా?

బోలెడుమంది. ఎస్.ఆర్.ఎస్. వరదన్ ఆయన దగ్గరే డాక్టరేట్ చేశారు. గణితంలో నోబెల్‌తో సమానంగా చూసే ఆబెల్ బహుమతి 2007లో వరదన్‌కి వచ్చింది. రష్యా గణిత దిగ్గజం కొల్మొగొరోవ్ 1962లో కలకత్తా వచ్చినప్పుడు వరదన్ సిద్ధాంత వ్యాసం మీద చేసిన ప్రసంగం విన్నారు. వరదన్, వరదరాజన్, పార్థసారథి, రంగారావు, ఈ నలుగురూ 1950ల చివర్లో, ఆ తర్వాతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే కుర్రాళ్ళు. డి. బసు కూడా రావుగారి శిష్యుడే. 1949లోనే, ముప్ఫై నిండకుండా ప్రొఫెసరై శిక్షణ విభాగం బాధ్యత చూసిన మనిషి, ఇలాంటివాళ్ళని తయారుచేశారు.

అమెరికా ఎప్పుడు వెళ్ళారు?

మహలనోబిస్ 1972లో పోయాక ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరయ్యారు. అరవై దగ్గరపడుతుండగా, 1979లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1988లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీకి మారారు. చివరి ఏళ్ళు బఫెలోలో గడిపారు. మనవాళ్ళు పెన్షన్ కాగితాలు సర్దుకునే వయసులో ఆయన కొత్త దేశంలో రెండో ఇన్నింగ్స్ మొదలుపెట్టి, ఇరవై ఏళ్ళకి పైగా ఆడారు.

ఏయే పురస్కారాలు వచ్చాయి?

శాస్త్రవేత్తలకిచ్చే భట్నాగర్ బహుమతి 1963లో, రాయల్ సొసైటీ ఫెలోషిప్ 1967లో, పద్మభూషణ్ 1968లో, పద్మవిభూషణ్ 2001లో వచ్చాయి. అమెరికా జాతీయ సైన్స్ పతకం కూడా 2001కే ప్రకటించి, తర్వాతి ఏడు ఇచ్చారు. బ్రిటన్ రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ గై బంగారు పతకం 2011లో వచ్చింది. భారత ప్రభుత్వం యువ సంఖ్యాశాస్త్రవేత్తలకి ఆయన పేరు మీదే ఒక జాతీయ అవార్డు నెలకొల్పింది.

102 ఏళ్ళ వయసులో నోబెల్ వచ్చిందని విన్నాం, నిజమా?

నోబెల్ కాదు. 2023లో ఆయనకి వచ్చింది అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి, 80,000 డాలర్లు. సంఖ్యాశాస్త్రానికి నోబెల్ లేదు కాబట్టి పత్రికలవాళ్ళు దీన్ని ఆ శాస్త్రపు నోబెల్ అని రాశారు, అక్కడి నుంచి "నోబెల్ వచ్చింది" దాకా పాకింది. బహుమతి ఇచ్చింది 1945 నాటి ఆ పదకొండు పేజీలకే. రాసిన 78 ఏళ్ళకి! ఆ బహుమతి మొదలైందే 2017లో కాబట్టి ఆలస్యం అని కూడా అనలేం. ఏప్రిల్‌లో ప్రకటించారు, ఆగస్టులో ఆయన పోయారు.

హైదరాబాద్‌లో ఆయన పేరు మీద ఏమున్నాయి?

హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఆయన పేరుతో గణితం, సంఖ్యాశాస్త్రం, కంప్యూటర్ సైన్స్‌లకి ఒక పరిశోధన సంస్థ ఉంది, 2007లో పెట్టారు. గచ్చిబౌలి వైపు, విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని వెళ్ళే రోడ్డుకి కూడా ఆయన పేరే. సాయంత్రం ఆ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు నా ఫోన్‌లో మ్యాప్ "ఇంకో పద్దెనిమిది నిమిషాలు" అంటుంది. ఎన్ని నిమిషాలు అటూ ఇటూ కావొచ్చో మాత్రం చెప్పదు. ఆ రోడ్డు మీదే అలా చెప్పడం నాకు కొంచెం తప్పుగా అనిపిస్తుంది.

ఆయన రాసింది చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంటర్ లెక్కలు వచ్చినవాళ్ళు 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' చదవొచ్చు, ఇంగ్లీషు సులువుగానే ఉంటుంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివినవాళ్ళు నేరుగా 1945 వ్యాసం తీసుకోండి. ముందు పేజీలు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంటే ఒక ఆదివారంలో అర్థమవుతాయి. చివర్లో దూరాలు, వంపు తలాల భాగం వస్తుంది, మొదటిసారికి దాన్ని వదిలేయండి. 1965 నాటి 'లీనియర్ స్టాటిస్టికల్ ఇన్ఫరెన్స్' మాత్రం పక్కన గురువు లేకుండా తెరవకండి. నేను తెరిచాను, మూడో అధ్యాయంలో మూడు నెలలున్నాను.